ఉప్పు ఎంత లోతున ఉంది

భైరవపాలెం మొగ దాటి రెండు గంటలు పోయాక
ఇంజను ఆపమంటుంది ఇందుమతి మేడం.
బోటు వాగుడు కట్టేస్తే
అప్పుడు వినిపిస్తుంది, చెక్కని నీళ్ళు నాకే చప్పుడు.

నా పని తాడు వదలడం.
తాడు చివర మనిషంత పొడుగు గొట్టం,
దాని ముక్కున వడ్లగింజంత మొన.
ముట్టుకోకు లోవరాజూ, అంది మొదటిరోజే,
నీ వేలి వణుకు కూడా రాసేసుకుంటుందది.

బిగించకూడదు. ఆపకూడదు.
ఎవరూ పట్టుకోనట్టే కిందకి జారిపోవాలి.
వలతాడు లాగి కాయలు కాసిన చేతులకి
వదులుగా వదలడం నేర్చుకోడానికి
ఒక కార్తె పట్టింది.

ఏం వెతుకుతుందమ్మా ఇది?
సుడులు, అంది.
బోట్లు తిప్పేసేవి కావు.
గోరంతవి, గోట్లో సగమంతవి,
పుట్టినచోటే చచ్చిపోయేవి.
నవ్వొచ్చింది.
రోజుకూలి ఎనిమిదొందలు, నవ్వలేదు.

మా అయ్యకీ ఉండేదొక పరికరం.
గోలీసోడా సీసా, బిరడా, రాయి, రెండు తాళ్ళు.
నాలుగు బారల లోతుకి దించి
రెండో తాడుతో బిరడా లాగేవాడు.
పైకి తీసి, ఓ చుక్క నాలిక మీద వేసుకుని
కళ్ళు మూసుకునేవాడు.
"పైన గోదారి, కింద సముద్రం.
ఒకే మంచం మీద పడుకున్నాయిగానీ
ఇంకా పలకరించుకోలేదు.
ఇలాంటప్పుడు మబ్బు మాట నమ్మకురా."

ఎందుకో ఆయనకీ తెలీదు.

ఇప్పుడు తెర మీద గీత దిగుతోంది.
పదకొండు మీటర్ల దాకా వరదనీరు,
ఎర్రరంగు తేరిపోయినా తీపి చావలేదు.
ఆ కింద ఉప్పు, ఒక్కసారిగా, గోడలా.
లోపల చల్లగా ఉండాలి కదమ్మా?
ఉండాలి. లేదు చూడు.
రెండు నెలల ఎండ ఆ మూత కింద దాక్కుంది.

ఆమె పెన్సిలుతో గాల్లో గీసి చెప్పింది.
వేరేచోట గాలి లేస్తే
సముద్రం తన్ను తాను కలుపుకుంటుంది,
అడుగు చలవ పైకొస్తుంది,
మబ్బుకి కూడు కరువవుతుంది.
ఇక్కడ మన బుల్లి సుడులు
ఆ గోడకి తలలు కొట్టుకుని ఆగిపోతాయి.
ఎప్పుడో పెనుగాలికి గోడ పగిలిందా,
పైకొచ్చేది కూడా వేడే.

మధ్యాహ్నం మూడుకి తూర్పున మబ్బు లేచింది.
అంచెలంచెలుగా, కింద నల్లగా, తల దూదేకినట్టు.
ముందు ఒక చల్లగాలి విసురు.
తర్వాత వాన, ఉప్పునీళ్ళ మీద ఊరికే వృథాగా,
అనుకున్నాను.
కాదు, మళ్ళీ దించు, అంది తడుస్తూనే.
గొట్టం చెప్పింది: పైన జానెడు మందాన
కొత్త తీపిపొర.
రేపు ఎండకి ముందు కాగేది అదే.
నిన్నటి మబ్బు
రేపటి మబ్బుకి పొయ్యి కట్టిపెట్టి పోతోందన్నమాట.

తొంభయ్యారులో, దీపావళి ముందు,
అయ్య వేరేవాళ్ళ మరబోటులో కూలికెళ్ళాడు.
సీసాతో ఆటలాడే తీరిక లేదన్నాడు యజమాని.
అది మా ఇంట్లో గూట్లోనే ఉంది,
ఇప్పటికీ. బిరడా లేదు.

మేడంకి ఆ సంగతి చెప్పలేదు.
రేడియోలో వాయుగుండం అన్నారు, వెనక్కి రమ్మన్నారు.
గొట్టం మీంచి కారే నీళ్ళు వేలికి అద్దుకుని
నాకి చూస్తుంటే ఆమె పట్టేసింది.
ఏమంటోంది?
ఉప్పు లేదండి.
అంకెల పక్కన, మార్జిన్లో,
ఆ రెండు ముక్కలూ రాసుకుంది తెలుగులో.

తుఫానవుతుందా?
తెలీదు లోవరాజూ.
ఇంత సముద్రంలో మనం చూసింది
ఒక తాడు లావంత.

ఇంజను మొదలెట్టాను.
వెనక ఫ్యాను తిరుగుతోంటే
బారెడు వెడల్పున
గోదారీ సముద్రం కలిసిపోతూ వచ్చాయి
మొగ దాకా,
ఎవరి లెక్కలోకీ రాకుండా.